ఒక చక్రం గిరగిరా, ఒక చక్రం కదలకుండా: డిఫరెన్షియల్ లాకర్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల జవాబులన్నీ లాకర్ల మీదే. ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక డిఫరెన్షియల్, ఆ రెండిటినీ కలిపి కట్టేసేది లాకర్. ఉత్తరాలు రాసేవాళ్లు సాధారణంగా "ఏ కంపెనీ మంచిది" అని మొదలుపెడతారు. అసలు అడగవలసింది "నా బండి దిగబడినప్పుడు ఏ చక్రం తిరుగుతోంది, ఏది ఆగిపోయింది" అని. లాకర్ నేలలో లేని పట్టును పుట్టించలేదు. ఉన్న పట్టు ఏ చక్రం కింద ఉందో ఆ చక్రానికి ఇంజిన్ బలాన్ని చేరవేస్తుంది, అంతే. కాబట్టి కొనే ముందు ఒకసారి బండి దిగబడనిచ్చి, పక్కన నిలబడి చూసే మనిషిని పెట్టుకోండి. ఒకే యాక్సిల్ మీద ఒక చక్రం తిరిగి, ఇంకోటి ఆగిపోతే లాకర్ పని చేస్తుంది. రెండూ తిరుగుతూ జారుతుంటే మీకు కావలసింది టైర్లు. యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ ఉండే పొట్ట (హౌసింగ్) మట్టికి ఆనిపోయి ఉంటే కావలసింది ఎత్తు.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పొలానికి వెళ్లడానికి పాత మహీంద్రా ఎంఎం540 వాడుతున్నాను. వాన పడితే నల్లరేగడి డొంకలో దిగబడుతుంది. ఫోర్ వీల్ వేసినా ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. స్టార్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) తీసి ఆ స్థానంలో బిగించే లాకర్ వేయిద్దామని మెకానిక్ అంటున్నాడు. స్నేహితులేమో ఎయిర్ లాకరే మేలంటున్నారు. ఏది వేయించాలి? ముందుకా, వెనక్కా?

జవాబు: ట్రాక్టర్ నడిపే అలవాటుంటే మీకిది కొత్త సంగతి కాదు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారితే కుడి మడమతో తొక్కే పెడల్ ఉంటుంది కదా, అదే డిఫ్ లాక్. జీపులో ఆ పెడల్ లేదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పే బలాన్నే ఇస్తుంది. బురదలో ఉన్న చక్రం 10 కిలోగ్రామ్-మీటర్ల తిప్పే బలానికే జారిపోతే, గట్టి నేల మీద ఉన్న చక్రానికి కూడా ఆ 10 మాత్రమే అందుతుంది. మీరు ఎంత యాక్సిలరేటర్ తొక్కినా అది పెరగదు. లాక్ పడితే గట్టి నేల మీది చక్రం తాను మోయగలిగినంతా తీసుకుంటుంది.

మీరు చెప్పిన లక్షణం లాకర్‌తో తీరేదే. అయితే రేగడిలో ఇంకో సంగతి చూడాలి. ట్రాక్టర్లు తిరిగిన గాళ్ల మధ్య గట్టుకు డిఫరెన్షియల్ గుండు ఆనుతోందా? ఆనితే మాత్రం లాకర్ వేసినా నాలుగు చక్రాలు కలిసి ఇంకా లోతుకు తవ్వుతాయి. రేగడి టైరు గళ్లలో నిండిపోయి టైరు నున్నగా మారుతోందా? అలాగైతే గళ్లు వెడల్పుగా ఉన్న మడ్ టైర్లు ముందు, లాకర్ తర్వాత.

ఇవి రెండూ సరిగ్గా ఉంటే వెనక యాక్సిల్‌కే వేయించండి. ఎక్కుడులో బరువు వెనక్కు పడుతుంది కాబట్టి అక్కడి లాక్‌కు ఎక్కువ ఫలితం ఉంటుంది, పైగా స్టీరింగ్‌ను అది పట్టుకోదు.

ఇక రకం. స్టార్ గేర్ల స్థానంలో కూర్చునే రకం చవక. క్రౌన్ పినియన్ (ఇంజిన్ బలాన్ని యాక్సిల్‌కు అందించే పెద్ద, చిన్న గేర్ల జత) అమరికను కదిలించనక్కర్లేదు. ఇది ఎప్పుడూ లాకై ఉండి, మలుపులో బయటి చక్రం వేగంగా తిరగవలసి వచ్చినప్పుడు మాత్రం టకటకమంటూ వదులుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు ఉంటే వదలదు. ఒక్కసారి కాలు తీస్తే ఠప్పుమని వదిలి బండి పక్కకు ఊగుతుంది. మీ జీపులాంటి పొట్టి వీల్‌బేస్ బళ్లలో ఆ ఊపు ఎక్కువగా తెలుస్తుంది. తడి తారు రోడ్డు మీద ఇది ప్రమాదం. గాలి పీడనంతో పడే ఎయిర్ లాకర్, కరెంటుతో పడే ఎలక్ట్రిక్ లాకర్ స్విచ్ వేసేదాకా మామూలు డిఫరెన్షియలే. జీపు పొలానికీ ఊరికీ మధ్యే తిరిగితే, నడిపేది మీరొక్కరే అయితే, మొదటి రకం చాలు. ఇంట్లో పిల్లలు కూడా అదే బండిలో వానాకాలం టౌనుకు వెళ్తుంటే స్విచ్ ఉన్న రకానికే డబ్బు దాచుకోండి. ఈ విషయంలో రాజీ పడమని మేం చెప్పలేం.

ఆర్డర్ పెట్టే ముందు మీ మెకానిక్ చేత ఈ నాలుగూ చూపించండి. ఒకటి, షాఫ్ట్ స్ప్లైన్లు (షాఫ్టు కొసన నిలువునా ఉండే పళ్లు) లెక్కపెట్టాలి. పాత జీపు వంశపు వెనక యాక్సిల్స్‌లో 10, 19, 30 స్ప్లైన్ల షాఫ్టులు కనిపిస్తాయి, బండి చూసి ఊహించకూడదు. రెండు, క్రౌన్ పళ్లు, పినియన్ పళ్లు లెక్కపెట్టి భాగించాలి, వచ్చేదే గేర్ నిష్పత్తి. 43ను 8తో భాగిస్తే 5.38, 39ను 8తో భాగిస్తే 4.88. మూడు, కేజ్‌లో (డిఫరెన్షియల్ గేర్లను పట్టి ఉంచే గూడు) అడ్డపిన్ను కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే స్టార్ గేర్ల లాకర్ పెట్టకూడదు. కొత్త లాకర్ ఆ అరిగిన పిన్ను మీదే బలమంతా మోపుతుంది. నాలుగు, యాక్సిల్ షాఫ్టుల మీద మెలితిరిగిన గీతలు ఉన్నాయేమో చూడాలి. ఇన్నాళ్లూ ఆ షాఫ్టు సగం బలమే మోసింది. లాక్ పడ్డాక ఇంజిన్, ఫోర్ లో గేర్ (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేర్) కలిపి ఇచ్చేదంతా ఒక్క షాఫ్టు మీద పడే సందర్భాలు వస్తాయి. స్ప్లైన్లు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే షాఫ్టు అప్పటికే అలిసిపోయిందని అర్థం.

బిగించేటప్పుడు బేరింగ్ క్యాపులకు ఎడమ, కుడి గుర్తులు కొట్టించండి. అవి తారుమారైతే బేరింగ్ సరిగా కూర్చోదు. షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) కూడా ఏ పక్కవి ఆ పక్కకే. బిగించాక క్రౌన్ ప్లే (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు) డయల్ గేజ్‌తో కొలిపించండి. పాత జీపుల్లో కనిపించే డానా 44 తరహా యాక్సిల్‌కు 0.13 నుంచి 0.23 మి.మీ. మధ్య ఉండాలి. చేత్తో కదిపి "సరిపోయింది" అనే మెకానిక్ దగ్గర ఈ పని వద్దు. చివరగా వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపి, ఇంజిన్ ఆపి, గేర్‌లో ఉంచి పరీక్షించాలి. ఇద్దరు మనుషులు రెండు చక్రాలనూ ఒకే దిశలో తిప్పితే కదలకూడదు. ఒకరు తన చక్రాన్ని ముందుకు నొక్కి పట్టుకుంటే, రెండోవారు తన చక్రాన్ని వెనక్కు తిప్పినప్పుడు టకటకమని తిరగాలి. అలా తిరగకపోతే లోపల స్ప్రింగో పిన్నో తప్పుగా కూర్చుంది. రోడ్డెక్కించకుండా మళ్లీ విప్పించండి.

ఆ తర్వాత వెనక రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలితో ఉండాలి. ఒక పక్క కొత్త టైరు, ఒక పక్క అరిగిన టైరు వేస్తే లాకర్ తిన్నని రోడ్డు మీద కూడా టకటకలాడుతూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: నా థార్ 2020 తర్వాతి మోడల్. వెనక మెకానికల్ లాకర్ ఉందని చెప్పి అమ్మారు. మారేడుమిల్లి దగ్గర రాళ్ల దారిలో ఫోర్ లో, మొదటి గేర్‌లో నెమ్మదిగా ఎక్కుతుంటే వెనక ఒక చక్రం గాల్లో తిరిగింది. లాకర్ పడలేదు. పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. ఆ లాకర్‌కు స్విచ్ లేదు. ఎడమ, కుడి చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వచ్చినప్పుడు లోపలి గవర్నర్ బరువులు విచ్చుకుని లాక్ వేస్తాయి. మీ 255/65 ఆర్18 టైరు చుట్టుకొలత సుమారు 2.48 మీటర్లు. 100 చుట్లంటే నిమిషానికి 248 మీటర్లు, గంటకు దాదాపు 15 కి.మీ. మీరు రాళ్ల మీద గంటకు మూడున్నర కి.మీ. వేగానికి సరిపడే గేర్‌లో పాకుతున్నారనుకుందాం. ఒక చక్రం పూర్తిగా ఆగిపోతే రెండోది దానికి రెట్టింపు, అంటే ఏడు కి.మీ. వేగంతో తిరుగుతుంది. తేడా 47 చుట్లే. గవర్నర్ నిద్ర లేవదు.

చేయవలసిందల్లా చక్రం జారుతోందని తెలిసిన వెంటనే యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా పెంచడం. లాక్ పడినప్పుడు లోపల ఠప్ మన్న శబ్దం వినిపిస్తుంది. అప్పుడు పెంచడం ఆపి, అదే వేగంతో దాటేయండి. కాలు పూర్తిగా తీస్తే లాక్ వదిలిపోతుంది. జాగ్రత్త దేనికంటే, ఇంజిన్ గోలపెట్టేలా ఒక్కసారిగా తొక్కకండి. చక్రం నిమిషానికి 300, 400 చుట్లు తిరుగుతుండగా లాక్ పడితే ఆ దెబ్బ క్రౌన్ పళ్ల మీదా, లాకర్ లోపలి క్లచ్ ప్లేట్ల మీదా పడుతుంది. ఇలాంటి లాకర్లు పగిలేది ఎక్కువగా అక్కడే. గంటకు సుమారు 30 కి.మీ. దాటితే ఇది లాక్ కాదు కాబట్టి తారు రోడ్డు మీద భయం అక్కర్లేదు.

రాళ్ల మీద అంగుళం అంగుళం ఎక్కడమే మీ సరదా అయితే ఈ రకం మీకు పూర్తిగా నప్పదు. అక్కడ చక్రం జారకముందే లాక్ వేసుకునే స్విచ్ ఉండాలి.

ప్రశ్న: జిమ్నీ కొన్నాను. దీంట్లో బ్రేక్‌తో పనిచేసే ఎల్‌ఎస్‌డి (చక్రాల జారుడును అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉందంటున్నారు. విడిగా లాకర్ వేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. జారుతున్న చక్రాన్ని ఆ పక్క బ్రేకే పట్టుకుంటుంది. పట్టుకున్నంత బలం డిఫరెన్షియల్ ద్వారా అవతలి చక్రానికి వెళ్తుంది. ఫోర్ లో వేశాక ఇది గట్టిగా పనిచేస్తుంది. దీన్ని వాడే తీరు వేరు. చక్రం తిరగడం మొదలవగానే చాలామంది కాలు తీసేస్తారు, దాంతో బ్రేక్ కూడా వదిలేస్తుంది. కాలు కదపకుండా రెండు మూడు సెకన్లు ఓపిక పట్టండి, గర్రుమని శబ్దం వచ్చి బండి మెల్లగా కదులుతుంది. పొడవాటి ఇసుక మేటల్లో మాత్రం ఇది ఇంజిన్ బలాన్ని తినేస్తుంది, బ్రేకులు వేడెక్కుతాయి. ఇసుకలో లాకర్ కంటే గాలి తగ్గించడమే మందు. మీ 195/80 ఆర్15 టైర్లలో 16 పి.ఎస్.ఐ. దాకా దించి చూడండి, తారెక్కే ముందు మళ్లీ నింపండి. ఆ డబ్బుతో చిన్న కంప్రెసర్, గేజ్, మంచి టైర్లు కొనుక్కోండి.

ప్రశ్న: జిప్సీకి ముందు యాక్సిల్‌లో ఆటోమేటిక్ లాకర్ వేస్తే స్టీరింగ్ తిరగదంటారు, నిజమేనా?

జవాబు: ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు నిజమే, బరువెక్కుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్టీరింగ్ తిన్నగా రావాలని లాగుతుంది. కానీ ముందు చక్రాల హబ్‌లు (చక్రాన్ని షాఫ్టుకు కలిపే, విడదీసే భాగం) చేత్తో ఫ్రీ చేసే రకమైతే టూ వీల్‌లో హబ్‌లు వదిలేయండి. అప్పుడు ముందు షాఫ్టులు అసలు తిరగవు, లాకర్ ఉన్నట్టే తెలియదు. రోజూ రోడ్డు మీద తిరిగే జిప్సీకి ఆటోమేటిక్ రకం వేయదలిస్తే వెనక యాక్సిల్ కంటే ముందు యాక్సిలే నయమని మేం చెప్పేది అందుకే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే ముందు జాయింట్ పగులుతుంది. మొదట స్టీరింగ్ తిన్నగా చేయండి, తర్వాత తొక్కండి.

ప్రశ్న: వెనక ఎయిర్ లాకర్ వేయించి ఏడాదైంది. స్విచ్ వేసి ఉంచితే కంప్రెసర్ నిమిషానికోసారి మొదలవుతోంది. స్విచ్ ఆపినప్పుడు సాలినాయిడ్ (గాలిని లాకర్‌కు వదిలే కరెంటు వాల్వ్) దగ్గర గేర్ ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ఎక్కడ వెతకాలి?

జవాబు: రెండు లక్షణాలూ ఒకే చోటును చూపిస్తున్నాయి. అయినా వరసగా చూడండి. లాకర్ ఆపి, కంప్రెసర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. అప్పుడు కూడా మధ్యమధ్యలో మొదలైతే లీకు కంప్రెసర్‌కూ సాలినాయిడ్‌కూ మధ్య. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చెబుతాయి. లాకర్ వేసినప్పుడే మొదలైతే లీకు సాలినాయిడ్ తర్వాత ఉంది. సన్నటి గాలి గొట్టాన్ని పొడవునా తడిమి చూడండి. సైలెన్సర్‌కు కనీసం ఒక జాన దూరంలో లేకపోతే కరిగి ఉంటుంది. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకునేంత పొట్టిగా ఉంటే జాయింట్ దగ్గర చీలి ఉంటుంది.

గొట్టం బాగుంటే యాక్సిల్ బ్రీతర్ గొట్టం (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) పీకి, కొసను నీళ్ల గ్లాసులో ముంచి, లాకర్ వేయించండి. బుడగలు ఆగకుండా వస్తే కేజ్ చివరనున్న సీల్ హౌసింగ్‌లో ఓ-రింగులు పోయాయి. మీ ఉత్తరంలో ఆయిల్ చుక్కల సంగతి ఉంది కాబట్టి ఇదే అయ్యుంటుందని మా అంచనా. గాలి బయటికొచ్చే దారిలోనే, స్విచ్ ఆపినప్పుడు, ఆయిల్ వెనక్కు వస్తోంది. ఓ-రింగులు చిన్న ఖర్చే, కానీ వాటికోసం కేజ్ బయటికి తీయాలి. ఒకసారి తీశారు కాబట్టి సైడ్ బేరింగులు కూడా చూపించండి. బేరింగ్ బిగువు తగ్గి కేజ్ అటూఇటూ ఆడితే కొత్త రింగులు కూడా త్వరలోనే అదే దారి పడతాయి. బ్రీతర్ మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి. వేడెక్కిన యాక్సిల్ వాగులోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీతర్ మూసుకుని ఉంటే సీళ్ల గుండా నీళ్లు లాగేస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అదే జరిగింది.

ఏఆర్‌బీ కంపెనీ తరహా ఎయిర్ లాకర్‌కు 85 నుంచి 105 పి.ఎస్.ఐ. పీడనం చాలు. టైర్లకు వాడే పెద్ద కంప్రెసర్‌ను నేరుగా కలిపి, లాకర్ కంపెనీ చెప్పిన పీడనం దాటిస్తే సీళ్లు మీరే చంపుకున్నట్టు.

ప్రశ్న: గూర్ఖాలో ముందూ వెనకా లాకులు ఉన్నాయి కదా, కొండదారుల్లో రెండూ వేసే ఉంచవచ్చా? ఒక్కోసారి ముందు లాక్ తీసినా వదలడం లేదు.

జవాబు: వేసి ఉంచకూడదు. ముఖ్యంగా దారి ఒక పక్కకు ఒరిగి ఉన్నచోట. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఒక చక్రం జారినా ఆగి ఉన్న చక్రం నేలను పట్టుకుని బండిని పక్కకు జారనివ్వదు. లాక్ వేశాక జారితే రెండూ కలిసే జారతాయి, ఆ యాక్సిల్ మొత్తం లోయ వైపు దిగిపోతుంది. తడి మట్టి ఏటవాలులో లాక్ తీసి వెళ్లడమే క్షేమం.

వరస ఎప్పుడూ ఇదే: ఫోర్ లో, తర్వాత వెనక లాక్, అది చాలకపోతే ముందు లాక్. చక్రాలు తిరుగుతుండగా కాకుండా బండి ఆపిగానీ నడక వేగంలోగానీ వేయండి. ముందు లాక్ వదలకపోవడానికి కారణం చాలాసార్లు షాఫ్టులు మెలిపడి పళ్లు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకోవడమే. స్టీరింగ్ తిన్నగా పెట్టి రెండు మూడు మీటర్లు వెనక్కు వెళ్లండి, వదులుతుంది. అలా కూడా వదలకపోతే లాకును కదిలించే అమరికలో బురద చేరి తుప్పు పట్టి ఉండవచ్చు. వాడినా వాడకపోయినా నెలకోసారి మెత్తటి మట్టి మీద లాకులు వేసి తీస్తుంటే ఈ బాధ రాదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. 2003 జీప్ రాంగ్లర్ టీజే కొన్నాను, వెనక డానా 35 యాక్సిల్. 33 అంగుళాల టైర్లు, లాకర్ రెండూ వేయాలని ఉంది. గేర్ నిష్పత్తి 3.07.

జవాబు: ఆ మూడూ ఆ యాక్సిల్ మీద కలిసి బతకవు. డానా 35 షాఫ్టుకు 27 స్ప్లైన్లే, పైగా లోపల సీ-క్లిప్‌తో (సీ ఆకారపు చిన్న బిళ్ల) ఆగే రకం. షాఫ్టు తెగితే దాంతోపాటు చక్రం కూడా బయటికి వచ్చేస్తుంది. హైవే మీద అలా జరగకూడదు. 33 టైర్లు ఖాయమనుకుంటే 30 స్ప్లైన్ల షాఫ్టులు, వాటికి సరిపోయే లాకర్ కలిపి వచ్చే కిట్ తీసుకోండి, లేదా డానా 44 యాక్సిల్ వెతకండి. టైర్లు 31 దగ్గర ఆపేస్తే, యాక్సిలరేటర్ మీద మీ కాలు మెత్తగా ఉంటే, ఇప్పుడున్న షాఫ్టులతో నడుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, నిష్పత్తి ముందే తేల్చుకోండి. డానా 35లో 3.31 దాకా ఒక కేజ్, 3.54 నుంచి పైకి ఇంకో కేజ్. ఇప్పుడు 3.07కు లాకర్ కొని, వచ్చే ఏడాది పెద్ద టైర్ల కోసం 4.10కు మార్చితే ఈ లాకర్ పనికిరాదు. గేర్లు, లాకర్ ఒకేసారి వేయిస్తే కూలీ కూడా ఒక్కసారే.

ప్రశ్న: స్టార్ గేర్లను వెల్డింగ్ చేస్తే లాకర్ ఖర్చు తప్పుతుందంటున్నారు.

జవాబు: రోడ్డెక్కే బండికి చేయకండి. అది ఎప్పటికీ వదలని లాక్. ప్రతి మలుపులో ఒక టైరు ఈడుస్తుంది లేదా ఒక షాఫ్టు మెలిపడుతుంది. వెల్డ్ ముక్క ఊడి క్రౌన్ పినియన్ మధ్య పడితే వెనక చక్రాలు నడుస్తుండగానే బిగుసుకుపోతాయి.

ప్రశ్న: లాకర్ వేశాక ఏ ఆయిల్ పోయాలి? ఎల్‌ఎస్‌డి మందు కలపాలా?

జవాబు: ఆ మందు క్లచ్ ప్లేట్లతో పనిచేసే ఎల్‌ఎస్‌డికి మాత్రమే, మలుపుల్లో ప్లేట్లు కొట్టుకోకుండా. హెలికల్ గేర్ల ఎల్‌ఎస్‌డిలో కలిపితే దాని పట్టే తగ్గిపోతుంది. స్టార్ గేర్ల లాకర్లకు, ఎయిర్, ఎలక్ట్రిక్ లాకర్లకు అక్కర్లేదు. లాకర్ పెట్టెలోని పుస్తకంలో వేరే చెప్పకపోతే మామూలు మినరల్ 80డబ్ల్యూ-90, జీఎల్-5 గ్రేడ్ పోయండి. కొత్త క్రౌన్ పినియన్ కూడా వేసి ఉంటే మొదటి 800 కి.మీ. తర్వాత ఆయిల్ దించేయండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి పొడి అంటుకుని ఉంటే భయం లేదు. గోరుకు తగిలేంత ముక్క కనిపిస్తే మాత్రం, బండి ఎంత బాగా నడుస్తున్నా, కవర్ విప్పి చూడనిదే కదిలించకండి.